డెమోగ్రఫీ చదివితే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. మా అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ రెండో ఏడాదిలో ఉంది. పీజీలో డెమోగ్రఫీ (జనాభా శాస్త్రం) చేస్తానని పట్టుబడుతోంది. జనాభా లెక్కలు టీచర్లు రాస్తారు కదా, దానికి మళ్లీ చదువెందుకని ఇంట్లో వాళ్లు అంటున్నారు. అందులో ఏం నేర్పుతారు? ఉద్యోగాలున్నాయా? సర్వేల పేరుతో ఆడపిల్ల ఊళ్లు తిరగాల్సి వస్తుందా?
— ఒక తండ్రి, కర్నూలు జిల్లా

జవాబు: ముందు ఉద్యోగం సంగతి చెబుతానండి. 'డెమోగ్రాఫర్ కావలెను' అనే ప్రకటన ఎక్కడో ఒకటి తప్ప కనబడదు. ఈ చదువు చదివినవాళ్లు వేరే వేరే పేర్లతో ఉద్యోగాల్లో ఉంటారు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీవాళ్లకు పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్, స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ గ్రేడ్-2 పోస్టులుంటాయి. మన రాష్ట్రంలో అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులను ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. ఇవి కాక సర్వే ఏజెన్సీలు, ఆరోగ్య రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, విశ్వవిద్యాలయాల పరిశోధన ప్రాజెక్టులు ఉన్నాయి. వీటిలో మొదట్లో దొరికేవి ఎక్కువగా ఏడాదికో ప్రాజెక్టుకో కట్టుబడిన కాంట్రాక్టు ఉద్యోగాలే. ఈ విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఒక జాగ్రత్త ఇప్పుడే చెప్పాలి. స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ పోస్టుకు డిగ్రీ అన్ని సంవత్సరాల్లోనూ స్టాటిస్టిక్స్ సబ్జెక్టుగా ఉండాలని నిబంధన. కష్టంగా ఉందనో, మార్కులు తగ్గుతాయనో మధ్యలో ఆ సబ్జెక్టు వదిలేసినవాళ్లు తర్వాత దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. మీ అమ్మాయి చేతిలో ఆ అర్హత ఉంది, చివరి సెమిస్టర్ దాకా పోగొట్టుకోకూడదు.

ఇక టీచర్లు రాస్తారు కదా అన్నదానికి వద్దాం. రాసేది వాళ్లే. కానీ ఏం అడగాలి, ఎవరిని ఏ ఊరి లెక్కలో వేయాలి, వచ్చిన అంకెల్లో ఏది నమ్మాలి అనేవి ముందూ వెనకా వేరేవాళ్లు తేల్చాలి. ఆ పని నేర్పేదే డెమోగ్రఫీ. మొదటి ఏడాది పాఠం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: నిరుటి జనాభాకు పుట్టినవాళ్లను, వచ్చినవాళ్లను కలిపి, చనిపోయినవాళ్లను, వెళ్లిపోయినవాళ్లను తీసేస్తే ఈ ఏటి జనాభా. జననాల రేటు, మరణాల రేటు, శిశు మరణాల రేటు, సంతాన సాఫల్య రేటు, లైఫ్ టేబుల్ (ఏ వయసువాళ్లు ఇంకా సగటున ఎన్నేళ్లు బతుకుతారో చూపే పట్టిక), వలస, జనాభా అంచనాలు, అన్నీ ఆ వాక్యంలోంచి పుట్టినవే.

లెక్కలు కష్టమేమీ కాదు. సంతాన సాఫల్య రేటునే చూడండి, అంటే ఒక స్త్రీకి జీవితకాలంలో సగటున ఎంతమంది పిల్లలు పుడతారన్నది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను అయిదేళ్లకో గుంపు చొప్పున ఏడు గుంపులు చేస్తారు. ఒక్కో గుంపులో వెయ్యి మందికి ఏడాదిలో ఎన్ని కాన్పులో చూస్తారు. ఉదాహరణకు ఒక ఊహా జిల్లాలో అవి వరసగా 40, 150, 110, 40, 12, 4, 1 అనుకుందాం. కూడితే 357. ప్రతి స్త్రీ ఒక్కో గుంపులో అయిదేళ్లు గడుపుతుంది కాబట్టి 5తో గుణిస్తే 1785. అది వెయ్యి మందికి. ఒక్కరికి 1.785, అంటే సుమారు 1.8 మంది పిల్లలు. పరీక్షల్లో చాలామంది ఆ 5తో గుణించడం మరిచిపోయి 0.36 దగ్గర ఆపేస్తారు. జవాబు నమ్మదగ్గదిగా ఉందా అని ఒక్క క్షణం ఆలోచిస్తే ఆ తప్పు అక్కడే దొరుకుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రేటు దేశంలో 2.0, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. తరం స్థానంలో తరం నిలబడాలంటే సుమారు 2.1 ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో మన శాసనసభ ఎత్తేసింది. దాని వెనక ఉన్నది ఇలా తగ్గిన ఈ రేటే.

అసలు కష్టం సూత్రంలో లేదు, హారంలో ఉంది. భాగహారం కింద ఎవరిని పెడుతున్నామో తెలియకపోతే పైన ఎంత కచ్చితమైన అంకె వేసినా వృథా. మీ జిల్లానే తీసుకోండి. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనాభా 40.53 లక్షలు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరు పడింది. ఇప్పటి కర్నూలు హద్దుల్లో ఆ 2011 జనాభాలో ఉన్నది దాదాపు 22.7 లక్షలే. ఎవరైనా ఈ ఏటి కర్నూలు జననాలను పాత 40.53 లక్షలతో భాగిస్తే జననాల రేటు దాదాపు సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. అనంతపురం–శ్రీ సత్యసాయి, కడప–అన్నమయ్య జిల్లాల అంకెలతోనూ ఇదే చిక్కు. రెండు తేదీల అంకెలు పక్కపక్కన పెట్టే ముందు హద్దులు ఒకటేనా అని చూడడం ఈ చదువులో మొదటి అలవాటు కావాలి.

ఇంకో చిక్కు చూడండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు. తొలి కాన్పుకు కూతురు పుట్టింటికి వస్తుంది. కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల వైపు నుంచీ వస్తారు. కాబట్టి కర్నూలు పట్టణంలో నమోదైన జననాలను కర్నూలు పట్టణ జనాభాతో భాగిస్తే రేటు ఉబ్బిపోతుంది, చుట్టుపక్కల మండలాల్లో పిల్లలే పుట్టనట్టు తేలుతుంది. పైనున్న జననాలు ఒక గుంపువి, కిందున్న జనాభా మరో గుంపుది అయినప్పుడు ఇలా జరుగుతుంది. తల్లి ఉండే ఊరును బట్టి జననాలను మళ్లీ సర్దితే తప్ప ఆ రేటు పనికిరాదు.

ఇప్పుడు సర్వే. మీ భయం దీని గురించే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పిల్లలు, కాన్పులు, గర్భస్రావాల గురించి స్త్రీలను అడిగేది స్త్రీలే. కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఇది నియమం. అందుకే చదువుకున్న అమ్మాయిలకు ఈ రంగంలో గిరాకీ ఉంది. బృందంగా వెళ్తారు, సూపర్‌వైజర్ వెంట ఉంటారు. తిరగడం మాత్రం తప్పదు. ఊరికి వెళ్లకుండా కంప్యూటర్ ముందే ఈ పని నేర్చుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఊళ్లో దిగాక మొదటి పని ఇళ్ల జాబితా. పటం గీసి, ఒక మూల నుంచి మొదలుపెట్టి ప్రతి ఇంటికీ నంబరు వేస్తారు. ఇక్కడ ఇల్లు అంటే గోడలు కాదు, పొయ్యి. ఒకే మిద్దెలో అన్నదమ్ములిద్దరు వేరు వంటలు చేసుకుంటే రెండు కుటుంబాలు. ఇది గమనించకుండా ఒక తలుపుకు ఒక నంబరు వేస్తే జాబితాలో కుటుంబాలు తగ్గిపోతాయి, సగటు కుటుంబ పరిమాణం పెరిగిపోతుంది.

తర్వాత ఎంపిక. కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎంపికైన ఒక్కో గ్రామంలో, పట్టణాల్లోనైతే ఒక్కో బ్లాకులో, 22 కుటుంబాలను తీసుకున్నారు. జాబితాలో 126 కుటుంబాలుంటే 126ను 22తో భాగిస్తే 5.727. కొత్తవాళ్లు దీన్ని 5 చేసేసి ప్రతి అయిదో ఇంటికి వెళ్తారు. 22 ఇళ్లు అయ్యేసరికి 110వ నంబరు లోపే ఆగిపోతారు. చివరి 16 ఇళ్లకు ఎంపికయ్యే అవకాశమే లేదు. మన పల్లెల్లో జాబితా చివర వచ్చేది తరచూ ఊరి అంచున ఉన్న కాలనీయే. అంటే పేదవాళ్లు, కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లు సర్వేలోంచి జారిపోతారు. సరైన పద్ధతిలో భిన్నాన్ని అలాగే ఉంచాలి. 0కు, 5.727కు మధ్య యాదృచ్ఛికంగా ఒక సంఖ్య తీసుకోవాలి, 3.4 అనుకోండి. దానికి 5.727 కలుపుతూ పోవాలి: 3.4, 9.127, 14.854, 20.581. ఒక్కోదాన్ని పై పూర్ణసంఖ్యకు మార్చితే 4, 10, 15, 21వ ఇళ్లు. ఇలా జాబితా చివరిదాకా సమానంగా పరుచుకుంటుంది.

ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్లడం అన్నిటికన్నా పెద్ద తప్పు. వేరే పూట, వేరే రోజు మళ్లీ రావాలి, కనీసం మూడుసార్లు ప్రయత్నించాలి. అప్పటికీ దొరకకపోతే దొరకలేదని రాయాలి. కారణం మీ ప్రాంతంవాళ్లకు బాగా తెలుసు. ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి మిరప కోతల కాలంలో కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు వెళ్తాయి. ఆ నెలల్లో తాళాలున్న ఇళ్లను వదిలి పక్కింటివాళ్లను అడిగితే, వలస వెళ్లే ఇళ్ల పిల్లల చదువు, టీకాలు, పోషణ ఏవీ లెక్కలోకి రావు. ఊరు ఉన్నదానికన్నా బాగున్నట్టు నివేదిక వస్తుంది.

వయసు దగ్గర ఇంకో సమస్య. పెద్దవాళ్లు '40 ఉంటాయి', '45 ఉంటాయి' అంటారు. అంకెలు 0, 5 దగ్గర కుప్పపడతాయి. దీన్ని కొలవడానికి విపుల్ (Whipple) సూచిక వాడతారు. 23 నుంచి 62 ఏళ్ల వాళ్లలో 0తో, 5తో ముగిసే వయసులు చెప్పినవాళ్లను 5తో గుణించి, మొత్తంతో భాగించి, 100తో గుణించాలి. 100 వస్తే కుప్పపడటం లేదు, 500 వస్తే అందరూ 0, 5తో ముగిసే వయసులే చెప్పినట్టు. 175 దాటితే ఆ వయసులు నమ్మదగ్గవి కావు. దీనికి మందు స్థానిక సంఘటనల పట్టిక. '2008 తుంగభద్ర పుష్కరాలకు బిడ్డ కడుపులో ఉన్నాడా, చంకలో ఉన్నాడా?' 'కర్నూలు మునిగిన 2009 వరదలప్పుడు నడుస్తున్నాడా?' 'ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రి అయినప్పుడు నీకు పెళ్లయిందా?' ఇలా అడిగితే వయసు ఒకటి రెండేళ్ల తేడాలోకి వస్తుంది.

పిల్లల సంఖ్య కూడా 'ఎంతమంది?' అని ఒక్క ప్రశ్నతో అడగకూడదు. ఇంట్లో ఉన్న కొడుకులు, ఇంట్లో ఉన్న కూతుళ్లు, వేరేచోట ఉన్న కొడుకులు, వేరేచోట ఉన్న కూతుళ్లు, పుట్టి చనిపోయిన మగబిడ్డలు, ఆడబిడ్డలు అని విడివిడిగా అడగాలి. అత్తారింటికి వెళ్లిన కూతురు, పుట్టిన రోజే పోయిన బిడ్డ ఒక్క ప్రశ్నలో దొరకరు. 'పుట్టగానే ఏడ్చి, తర్వాత పోయిన బిడ్డ ఉందా' అని మెల్లగా, ఎవరూ లేనప్పుడు అడగాలి. శిశు మరణాల రేటు నిజమా కాదా అన్నది ఆ ఒక్క ప్రశ్న అడిగిన తీరు మీద ఆధారపడి ఉంటుంది. మీ అమ్మాయికి మాట మెత్తన, ఓపిక ఉంటే, ఈ పనిలో అవి మార్కులకు తక్కువ విలువైనవి కావు.

మిగిలిన ఏడాదిన్నరలో ఏం చేయాలి? డిగ్రీలో శాంపిలింగ్ (నమూనా ఎంపిక), వైటల్ స్టాటిస్టిక్స్ (జనన మరణాల లెక్కలు) పేపర్లు గట్టిగా చదవాలి. ఎక్సెల్ బాగా రావాలి, ఆ తర్వాత ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, అది ఉచితం. సర్వే ఫారాలు తయారుచేసే సీఎస్‌ప్రో కూడా ఉచితమే. చేతితో ఒక లెక్క చేయించండి: కర్నూలు జిల్లా జనాభా 2001లో 35.29 లక్షలు, 2011లో 40.53 లక్షలు. పదేళ్లలో 14.85 శాతం పెరిగింది. ఏడాదికి ఎంత అంటే 1.485 అనేవాళ్లే ఎక్కువ. పెరిగినదాని మీద మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఏడాదికి సుమారు 1.39 శాతం. ఎందుకో తనకు తానుగా రుజువు చేసుకుంటే సగం దారి నడిచినట్టే.

శాంపిల్ పరిమాణం, అంటే సర్వేలో ఎంతమందిని అడగాలన్నది, లెక్కించడం కూడా నేర్చుకోవాలి. ఫలితం 5 శాతం తేడాలో, 95 శాతం నమ్మకంతో కావాలంటే సూత్రం 385 అంటుంది. చాలా ప్రాజెక్టు నివేదికల్లో అక్కడే ఆపేస్తారు. కానీ ఆ 385 జిల్లా అంతటా చెల్లాచెదురుగా ఎంచుకున్నవాళ్లకే సరిపోతుంది. ఊళ్లు ఎంచి ఊరికి ఇరవై ఇళ్ల చొప్పున వెళ్తే, ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి కొత్త సమాచారం తక్కువ వస్తుంది. అందుకని 385ను 1.5 రెట్లు చేసి, జవాబు దొరకని 10 శాతం మందికి ఇంకాస్త కలిపితే దాదాపు 640 కావాలి.

పీజీకి ముంబైలోని ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్ దేశంలో మొదటి ఎంపిక. 1956లో పెట్టారు, కేంద్ర ఆరోగ్య శాఖ కింద నడుస్తుంది, కుటుంబ ఆరోగ్య సర్వేలు చేసేది కూడా వాళ్లే. స్టాటిస్టిక్స్ నేపథ్యం ఉన్న మీ అమ్మాయి అక్కడి బయోస్టాటిస్టిక్స్ అండ్ డెమోగ్రఫీ కోర్సు చూడాలి. దగ్గరలో కావాలంటే తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పాపులేషన్ స్టడీస్ విభాగం ఉంది. అనంతపురంలోనే ఉండాలనుకుంటే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి, డెమోగ్రఫీని ప్రాజెక్టుగా తీసుకోవడమూ మంచి దారే. నన్నడిగితే స్టాటిస్టిక్స్ పీజీకి తలుపులు ఎక్కువ, ముంబై చదువుకు లోతు ఎక్కువ. రెండింటికీ దరఖాస్తు చేయించండి, సీటు వచ్చాక తేల్చుకోవచ్చు. వచ్చే జనాభా లెక్కలకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ అంకెలు విడుదలయ్యే ఏళ్లలో వాటిని చదవగలిగేవాళ్లు కావాలి, మీ అమ్మాయి చదువు పూర్తయ్యే కాలం దానికి దగ్గరగా ఉంది.

చివరగా కాగితాల పని. కేంద్ర సంస్థకు ఓబీసీ అయితే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో అడుగుతారు. రాష్ట్ర ప్రవేశాలకు తీసుకున్న కుల ధ్రువపత్రం అక్కడ చెల్లకపోవచ్చు. మూడో ఏడాది మొదలయ్యాక సచివాలయంలో దరఖాస్తు చేసేటప్పుడు కేంద్ర నమూనా అని స్పష్టంగా చెప్పండి. ఈడబ్ల్యూఎస్‌ది ఏ ఆర్థిక సంవత్సరానికి అడుగుతున్నారో నోటిఫికేషన్‌లో చూసి, ఆ ఏడాదిదే తీసుకోండి.