సాన్ సెబాస్టియన్ వెళ్తున్న మేనకోడలికి

చిన్నీ,

పరీక్షలు అయ్యాక మార్చిలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ వెళ్తున్నావనీ, "రాత్రిళ్లు బార్లు తిరగడానికి" అని నోటితో చెప్పేశావనీ మీ అమ్మ ఫోన్ చేసింది. వదిన గొంతులో టెన్షన్ ఉంది, నవ్వు కూడా ఉంది. వెనకాల మీ నాన్న అరుపు వినిపించింది. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం భయం వల్ల, సగం ఆ ఊరు గుర్తొచ్చి. గాలిమరల కంపెనీ పని మీద నేను అక్కడ ఉన్న రోజుల్లో మన ఇళ్లల్లో ఎవరికీ ఆ ఊరి పేరు పలకడం కూడా రాలేదు. ఇప్పుడు నువ్వు నీ డబ్బుతో టికెట్ కొనుక్కుని వెళ్తున్నావు. గర్వంగానే ఉంది, కానీ చెప్పాల్సినవి చెప్పకుండా ఉండలేను.

ముందు అందరికీ తెలిసినవి. గొడుగు కంటే టోపీ ఉన్న జాకెట్ మేలు, అక్కడి సన్నజల్లు పక్కనుంచి పడుతుంది. మెత్తటి బూట్లు వేసుకో, రాత్రంతా నిలబడే ఉంటావు. ఆదివారం రాత్రి, సోమవారం చాలా బార్లు మూసి ఉంటాయి, అది చూసుకుని రోజులు పెట్టుకో. అత్యవసరమైతే 112. నీ గ్లాసు ఎవరికీ అప్పజెప్పి పోకు.

ఇక తిండి. అక్కడివాళ్లు బార్‌కి వెళ్లేది తాగడానికి అని మీ నాన్న అనుకుంటాడు. తాగడం సాకు. ఐదారుగురు ఒక జట్టుగా బయల్దేరతారు, ఒక బార్లో ఒక చిన్న గ్లాసు, ఒక పించో, పది పదిహేను నిమిషాలు నిలబడి కబుర్లు, వెంటనే పక్క బార్. పించో అంటే రెండు మూడు కొరుకుల్లో అయిపోయే వంటకం. గ్లాసులు కూడా అందుకే చిన్నవి. బీరు అడిగితే 'సురీతో' అని అడుగు, నాలుగు గుక్కలుంటుంది. పెద్ద గ్లాసు బీరు తీసుకున్నావంటే రెండో బార్‌కే కడుపు నిండిపోతుంది. కౌంటర్ మీద వరసగా పళ్లాలు కనిపిస్తాయి కదా అని పెళ్లి బఫేలోలాగా ప్లేటు నింపుకుని కుర్చీ వెతుక్కోకు. అది చేసేది టూరిస్టులే.

అసలు సంగతి వేరే ఉంది. కౌంటర్ మీద ఉన్నవన్నీ చల్లటివి. మంచివి గోడ మీద నల్లబల్ల మీద రాసి ఉంటాయి, అడిగితే అప్పటికప్పుడు వేడిగా చేసిస్తారు. కౌంటర్ మీది వాటిలో హిల్దా మాత్రం వదలకు. పుల్లకి గుచ్చిన ఆలివ్, ఊరబెట్టిన సన్నటి పచ్చిమిరప, ఉప్పు చేప. మిరపకాయ అన్నాను కదా అని ఆశపడకు, కారం మనవాళ్లకి ఆనదు, కానీ ఆ పులుపూ ఉప్పూ నోరూరిస్తాయి. ప్రతి బార్‌కీ ఒక పేరుబడ్డ వంటకం ఉంటుంది, అక్కడ అదే తిను. గన్బరా అనే బార్లో పుట్టగొడుగులు వేయించి మధ్యలో పచ్చి గుడ్డు సొన వేసిస్తారు. చెపెచాలో చేపలు, రకరకాల పైపూతలతో. నెస్తోర్‌లో బంగాళదుంప ఆమ్లెట్, వాళ్లు తోర్తీయా అంటారు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, అంతే చేస్తారు. ముందే వెళ్లి పేరు రాయించుకోకపోతే ముక్క దొరకదు. చివర్లో లా వీన్యాలో పైన నల్లగా మాడ్చిన చీజ్‌కేక్. ఇప్పుడు హైదరాబాద్ కెఫేల్లో 'బాస్క్ చీజ్‌కేక్' అని అమ్మేది దీన్ని చూసి నేర్చిందే.

నీ స్నేహితురాళ్లలో ఒకమ్మాయి శాకాహారి అని విన్నాను. ఆమె గురించి నాకు నీకంటే ఎక్కువ బెంగ. "మాంసం వద్దు" అంటే సరిపోదక్కడ. హామ్‌ని, అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది తొడని, వాళ్లు మాంసం లెక్కలోకి తీసుకోరు, ట్యూనా చేపనైతే అసలే తీసుకోరు. కాబట్టి మూడూ విడివిడిగా చెప్పాలి: సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాడో, అంటే మాంసం, హామ్, చేప లేకుండా. క్రోకేతాలు, నూనెలో వేయించిన చిన్న ముద్దలు, చూడ్డానికి అమాయకంగా ఉంటాయి, లోపల చాలాసార్లు హామ్ ఉంటుంది. గుడ్డు తింటానంటే తోర్తీయా ఉంది, పుట్టగొడుగులున్నాయి. అడగాలి, ప్రతి చోటా అడగాలి. సిగ్గుపడితే లాభం లేదు.

సిగ్గు అన్నాను కాబట్టి మీ నాన్న సంగతి చెప్పేస్తున్నా. ఇది చదివాక ఆయన ముందు నవ్వకు.

నేనక్కడ ఉండగా ఒక చలికాలం చివర అన్నయ్య నన్ను చూడ్డానికి వచ్చాడు. మా ఆఫీసు జట్టు పాతపేటకి రమ్మన్నారు. వాళ్ల పద్ధతి ఏమిటంటే, మొదట్లోనే తలా కొంత డబ్బు తీసి ఒకరి చేతికిస్తారు. దాన్ని 'బోతే' అంటారు. ఆ రాత్రి ప్రతి బార్లోనూ ఆ మనిషే కడతాడు. అన్నయ్య పందిమాంసం, గొడ్డుమాంసం తినడు. కౌంటర్ మీద ఏది దేంతో చేశారో తెలియదు. నన్ను అడగొచ్చు. నేను రెండు గజాల దూరంలోనే ఉన్నాను. కానీ నలుగురిలో చెల్లెల్ని పిలిచి ఇందులో ఏముంది అందులో ఏముంది అని అడిగితే బాగుండదనుకున్నాడు. "ఆకలి లేదు, ఇంట్లో తినే వచ్చాను" అని అందరికీ చిరునవ్వుతో చెప్పాడు. తినలేదు. పొద్దున రెండు బ్రెడ్డు ముక్కలు, అంతే.

తిండి వద్దన్నవాడు గ్లాసు మాత్రం వద్దనలేకపోయాడు. అది చకొలి. పుల్లగా, కాస్త నురగగా ఉండే తెల్లటి వైన్, సీసా పైకెత్తి ఎత్తునుంచి పోస్తారు. అంత పల్చగా ఉంటే ఏం చేస్తుందిలే అనుకున్నాడు. ఇచ్చింది మిగల్చడం మర్యాద కాదని ప్రతి చోటా ఖాళీ చేశాడు. ఐదో బార్‌కి వచ్చేసరికి మన ఇంటి జబ్బు బయటపడింది, "నేనిస్తా, నేనిస్తా" అంటూ బార్ మనిషి చేతిలో నోట్లు కుక్కాడు. బోతే పట్టుకున్నాయన ముఖం మాడిపోయింది. మన దగ్గర అది ఆప్యాయత. అక్కడ మీ లెక్క మీద నాకు నమ్మకం లేదని చెప్పినట్టయింది. అన్నయ్యకి ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. "కాస్త గాలి పీల్చుకుని వస్తా" అని బయటకి వెళ్లాడు.

ఆ పాతపేట చివర ఉర్గుల్ కొండ ఉంది. దాని చుట్టూ సముద్రం అంచునే పసేయో నుయేవో అనే దారి. మీ నాన్న విశాఖలో పుట్టినవాడు, బీచ్ రోడ్డు మీద పెరిగినవాడు, సముద్రం తనకి చుట్టం అనుకుంటాడు. వాన లేదు, గాలి లేదు, ఆకాశంలో చుక్కలున్నాయి, దారి మూయలేదు. ఆయనకి తెలియనిదేమిటంటే, అట్లాంటిక్‌లో ఎక్కడో దూరంగా తుఫాను పుడితే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూడా పెద్ద అల వస్తుంది. పైగా ఆ తీరంలో పోటుకీ పాటుకీ మధ్య నాలుగు మీటర్లకి పైగా తేడా వచ్చే రోజులుంటాయి. మన విశాఖలో అందులో సగం కూడా ఉండదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పది అలలు కింద కొట్టుకున్నాయి, పదకొండోది గోడ దాటింది.

నేను వెతుక్కుంటూ వెళ్లేసరికి కుక్కని తిప్పుతున్న ఒక ముసలి దంపతులు ఆయన్ని కొండవైపుకి లాగి కూర్చోబెట్టారు. తలనుంచి పాదాలదాకా తడిసి, కళ్లజోడు పోయి, వణుకుతూ, "ఈ సముద్రానికి మర్యాద లేదు చెల్లాయ్" అన్నాడు. నవ్వాను. ఇంటికి వెళ్లాక ఏడ్చాను. చొక్కా జేబులో పాస్‌పోర్ట్ ఉంది, అందులో పేజీలన్నీ అతుక్కుపోయాయి. బస్సులో ఐదారు గంటలు ప్రయాణం చేసి మాడ్రిడ్‌లో మన ఎంబసీకి వెళ్లి తిరిగి వెళ్లడానికి కాగితాలు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆయన స్పెయిన్ పేరెత్తితే అరిచేది నీ మీద కోపంతో కాదు, తల్లీ. ఆ గోడ ఆయన ఇంకా మర్చిపోలేదు.

అందుకని చెప్తున్నా. మొదటి గ్లాసుకంటే ముందు కడుపులో ఏదైనా పడాలి. తాగాలని లేకపోతే 'మోస్తో' అడుగు. అది ద్రాక్షరసం, చిన్న గ్లాసులో ఆలివ్ వేసి ఇస్తారు, అక్కడ పెద్దవాళ్లు కూడా తాగుతారు, ఎవరూ వింతగా చూడరు. నేను చాలా రాత్రులు దాంతోనే గడిపాను, జట్టులోంచి ఎవరూ వెలెయ్యలేదు. రెడ్ వైన్‌లో కోలా కలిపి పెద్ద ప్లాస్టిక్ గ్లాసుల్లో ఇచ్చే కలిమోచో ఉంది, తియ్యగా దిగిపోతుంది, దాని జోలికి వెళ్లకు. వెళ్తే ఒక్కటి. మీ ముగ్గురూ బోతే పెట్టుకోండి, శాకాహారి అమ్మాయి వాటా తక్కువ వెయ్యండి. పాస్‌పోర్ట్ గదిలో, దాని ఫోటో ఫోన్‌లో. రాత్రి పసేయో నుయేవో వైపు అడుగు పెట్టకు, అలలు చూడాలనుంటే పగలు, దూరంనుంచి. ఆ దారికి అడ్డం గేటు వేసి ఉంటే దాటే మగాడెవరైనా ధైర్యవంతుడని అనుకోకు.

మనుషుల గురించి మీ అమ్మకి ఉన్నంత భయం నాకు లేదు. రాత్రి పదకొండింటికి ఆ సందుల్లో ముత్యాల దండలు వేసుకున్న బామ్మలు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంటారు, మనవల తోపుడు బళ్లు పక్కనుంటాయి. జేబుదొంగలు ఉంటారు, బ్యాగు ముందుకి వేసుకో. పన్నెండు దాటాక పించోలు ఉండవు, మ్యూజిక్ బార్లు, డిస్కోలు మాత్రమే, అవి తెల్లవారేదాకా నడుస్తాయి. వెళ్లండి, ముగ్గురూ కలిసే వెళ్లి కలిసే రండి.

గురువారం రాత్రి ఊరుమేయా నది దాటి గ్రోస్ పేటకి వెళ్లు. ఆ రోజు అక్కడ పించో-పోతే, గ్లాసూ పించో కలిపి తక్కువ ధరకి ఇస్తారు. విద్యార్థులు కిక్కిరిసి ఉంటారు, నీ ఈడువాళ్లు. పాతపేటలో మాత్రం ఆగస్టు 31 వీధిలో కాసేపు ఊరికే నిలబడు. 1813లో నెపోలియన్ సేనల చేతిలోంచి ఊరిని గెలుచుకున్న బ్రిటిష్, పోర్చుగీస్ సైనికులే దాన్ని దోచి తగలబెట్టారు. మిగిలింది దాదాపు ఆ వీధి ఒక్కటే, అందుకే ఆ తారీకు పేరు. పక్కనే కాన్‌స్టిట్యూషన్ చౌక్‌లో ప్రతి బాల్కనీకీ ఒక నంబరు ఉంటుంది. ఒకప్పుడు అక్కడ ఎద్దుల పోటీలు జరిగేటప్పుడు ఆ బాల్కనీలు అద్దెకిచ్చేవాళ్లు. ఆ నంబర్ల కింద నిలబడి నేను అన్నయ్యకి ఈ కథంతా చెప్పాను, ఆయన వినలేదు, ఆకలేస్తోంది కాబోలు.

ఇంకొకటి. నువ్వు వెళ్లేది మార్చి కాబట్టి సైడర్ కాలం, జనవరినుంచి ఏప్రిల్ దాకా ఉంటుంది. ఊరి బయట అస్తిగర్రాగాలో సగర్దొతెగిలు ఉన్నాయి, ఆపిల్ సైడర్ తయారుచేసే పాత ఇళ్లు. ఎవరో "చోచ్!" అని అరుస్తారు, అందరూ గ్లాసులు పట్టుకుని లేస్తారు, పెద్ద పీపాలోంచి సన్నటి ధార వస్తుంది, దాన్ని గాల్లోనే పట్టాలి. రెండు వేళ్ల ఎత్తుకి మించి పట్టకు. భోజనంలో ఉప్పు చేప ఆమ్లెట్, కారంలేని పచ్చిమిరపకాయలతో చేప, తర్వాత ఇంత మందాన గొడ్డుమాంసం, చివర్లో చీజ్, అక్రోట్లు. శాకాహారి అమ్మాయికి ఏం పెడతారో ముందే ఫోన్ చేసి అడుగు. శనివారం చోటు దొరకదు, ఈ వారమే బుక్ చెయ్యి. తిరిగి రావడానికి బస్సు టైము చూసుకో, లేదంటే టాక్సీ మాట్లాడుకో. ఆ భోజనం ఖర్చు నీ అకౌంట్‌లో వేస్తున్నాను, మీ ముగ్గురిదీ. అన్నయ్యతో నేను మాట్లాడతాలే, నువ్వు కదపకు.

మీ అత్త