బ్యాచ్ జ్ఞాపికలో ఏ పేరూ తప్పిపోకుండా

ప్రశ్న: మాది విశాఖలో బాలుర రెసిడెన్షియల్ స్కూలు. పన్నెండో తరగతి అయిపోతోంది. నలభై మందిమి. అందరి ఫొటోలతో జ్ఞాపిక పుస్తకం వేయాలంటే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: అన్నిటికంటే ముందు పేర్లు. గ్రూప్ ఫొటో తీయగానే, ఎవరూ కదలకముందే, వెనుక వరుస నుంచి ఎడమ-కుడి క్రమంలో రాసుకోండి. ఇంటిపేరు పూర్తిగా ఉండాలి. ఇద్దరు సాయికిరణ్‌లుంటే పదేళ్ల తర్వాత పొడి అక్షరం చూసి పోల్చుకోలేరు. మధ్యలో బడి మారినవాళ్లనూ చేర్చండి, వాళ్లూ మీ బ్యాచే.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి అచ్చులో మసకగా వస్తాయి, డాక్యుమెంట్‌గా పంపించుకోండి. 4×6 అంగుళాల బొమ్మకు 1200×1800 పిక్సెళ్లు కావాలి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి కాబట్టి, మనిషికో పేజీ చొప్పున నలభై, గ్రూప్ ఫొటోకూ సంతకాలకూ మరో నాలుగు, మొత్తం 44 వేసుకోండి. సంతకాల పేజీలకు ఆర్ట్ పేపరు వద్దు, సిరా త్వరగా ఆరక అలుక్కుపోతుంది, నునుపు పూత లేని ‘మ్యాప్‌లితో’ రకం కాగితం మేలు.

ఫోన్‌లో టైపు చేసే యూనికోడ్ తెలుగును ప్రెస్సువాళ్లు తమ డీటీపీలో వాడే ‘అను’ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతుంటాయి. ప్రూఫులో ఎవరి పేరు వాళ్లే చూసుకోవాలి.

గ్రూప్ ఫొటోకు ఫ్రేమ్ కట్టిస్తే అద్దానికీ ఫొటోకూ మధ్య మౌంటు బోర్డు (ఫొటో కనిపించేలా నడుమ కిటికీలా కోసిన మందపాటి అట్ట) పెట్టించండి. లేకుంటే మన సముద్రపు తేమకు ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది.