స్టార్టర్ ఆపితే కరెంటు పోయినట్టేనా?

ప్రశ్న: మా రైస్ మిల్లులో ధాన్యాన్ని బకెట్లతో పైకెత్తే ఎలివేటర్ మోటారు బేరింగ్ మార్చాలి. దానికి స్టార్టర్ ఉంది, పక్క మోటారుకు డ్రైవ్ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉంది. ఎర్ర బటన్ నొక్కి, టెస్టర్‌తో చూసుకుని పని మొదలుపెట్టొచ్చా?

జవాబు: వద్దండీ. ఎర్ర బటన్ కాంటాక్టరును, అంటే స్టార్టర్ లోపలి స్విచ్‌ని, విడదీస్తుందంతే. దాని పై టెర్మినళ్లలో 415 వోల్టులు అలాగే ఉంటాయి. ఎవరో తెలియక పచ్చ బటన్ నొక్కారా, మీ చెయ్యి బెల్టులో ఉంటుంది. ప్యానెల్‌లో ఆ మోటారు ఐసొలేటర్ (కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్) ఆపి తాళం వేయండి. తాళంచెవి పనిచేసే మనిషి జేబులోనే ఉండాలి. ఇద్దరైతే రెండు తాళాలు. అట్టముక్క మీద ‘పని జరుగుతోంది’ అని రాసి వేలాడదీస్తే చాలదు, అది ఎవరి చెయ్యీ ఆపదు.

నియాన్ టెస్టర్‌ను నమ్మకండి. చెక్క నిచ్చెన మీద, రబ్బరు చెప్పులతో ఉంటే మసగ్గా వెలుగుతుంది, పగటి వెలుతురులో కనబడదు. మల్టీమీటరును ముందు కరెంటున్న చోట పెట్టి చూడండి. తర్వాత మోటారు టెర్మినళ్లలో ఫేజుకీ ఫేజుకీ మధ్య, ఒక్కో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. ఆఖర్న మళ్లీ కరెంటున్న చోట పెట్టండి, ఎందుకంటే లీడు తెగిన మీటరు కూడా సున్నానే చూపిస్తుంది.

డ్రైవ్ ఉన్న మోటారైతే, కరెంటు తీసేశాక కూడా డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో (కరెంటును నిల్వ ఉంచే భాగాల్లో) దాదాపు 590 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది. మూత మీద రాసిన నిమిషాలు ఆగి, డీసీ రేంజిలో కొలిచాకే చెయ్యి పెట్టండి.

అన్నట్టు, బకెట్లలో ధాన్యం ఉండగా బెల్టు వదులు చేస్తే ఎలివేటర్ వెనక్కి తిరుగుతుంది. ముందే ఖాళీ చేయించండి.