బిగ్ ఆల్ గుమ్మం తొక్కకుండా ఎనిమిది రౌండ్లు

"ఎంబీఏ చివరి సెమిస్టర్‌లోకి వచ్చాను. చదివినదంతా కలిపి పరీక్షించే క్యాప్‌స్టోన్ కోర్సులో ఐదుగురిని ఒక జట్టుగా వేశారు. కంప్యూటర్ మీద ఒక కంపెనీని నడపాలట, మార్కుల్లో పెద్ద వాటా దానికేనట. జట్టులో నేనొక్కడినే తెలుగువాడిని. ఏం చేయమంటారు?" అని ప్రతి ఆగస్టులోనూ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. టెక్సస్‌లో నేను చదువుకున్న రోజుల్లో ఇదే ఆట ఆడి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి, ఆ తరువాత చాలామంది తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పక్కన కూర్చుని చెప్పినవాణ్ణి కాబట్టి, ఈసారి వివరంగానే రాస్తున్నాను.

అమెరికాలో వ్యాపార విద్య చెప్పే చాలా కాలేజీలు ఈ పనికి క్యాప్‌సిమ్ అనే సంస్థ తయారుచేసిన క్యాప్‌స్టోన్ ఆటను వాడతాయి. కథ సులువే. సెన్సార్లు తయారుచేసే ఒక గుత్తాధిపత్య సంస్థను ప్రభుత్వం ఆరు ముక్కలు చేసింది; ఆ ఆరు కంపెనీలకూ ఆంగ్ల అక్షరమాల వరుసలో ఆండ్రూస్, బాల్డ్విన్, చెస్టర్, డిగ్బీ, ఎరీ, ఫెరిస్ అని పేర్లు. మొదటి రోజున ఆరూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి: ఏటా సుమారు 10 కోట్ల డాలర్ల అమ్మకాలు, తలా ఐదు సరుకులు, ఐదు రకాల కొనుగోలుదారులు. ఒక్కో రౌండు ఒక్కో ఏడాదితో సమానం, మామూలుగా ఎనిమిది రౌండ్లు ఉంటాయి. సరుకును మెరుగుపరచడం, ధరా ప్రచారమూ నిర్ణయించడం, ఫ్యాక్టరీలో ఎన్ని తయారుచేయాలో చెప్పడం, డబ్బు ఎక్కడినుంచి తేవాలో తేల్చడం అన్నీ జట్టు పనులే. గడువు దాటగానే కంప్యూటర్ ఆరు జట్ల నిర్ణయాలనూ ఒకదానికొకటి పోటీ పెట్టి, కొరియర్ అనే నివేదికలో అందరి జాతకాలూ బయటపెడుతుంది.

మనవాళ్లు ఈ ఆటలో ఓడిపోయేది లెక్కలు రాక కాదు, లెక్కలు వచ్చినందుకే ఓడిపోతారని నా అభిప్రాయం. మొదటి సమావేశంలోనే ఎవరో ఒకరు "నీకు ఎక్సెల్ బాగా వచ్చు కదా, ఫైనాన్స్ నువ్వు చూసుకో" అంటారు. దాన్ని మనం గౌరవంగా తీసుకుంటాం. ఆపైన మార్కెటింగ్ వాళ్లు ఇచ్చిన అంకెను మారుమాట లేకుండా షీటులో నింపి, చివర్లో బాండ్లో షేర్లో అమ్మి డబ్బు సర్దే గుమాస్తాగా మిగిలిపోతాం. కంపెనీ మునిగేది ఫైనాన్స్ షీటులో కాదు. అంతకు రెండు షీట్ల ముందు, అమ్మకాల అంచనా రాసే గడిలో మునుగుతుంది. మునిగిన సంగతి మాత్రం ఫైనాన్స్ షీటులో కనబడుతుంది, నింద కూడా అక్కడ కూర్చున్నవాడి మీదే పడుతుంది.

నాకు జరిగింది అదే. మాది డిగ్బీ. మూడో రౌండు నిర్ణయాలకు ఆదివారం అర్ధరాత్రి గడువు. లైబ్రరీలో అద్దాల గదిలో నలుగురం కూర్చున్నాం, ఐదో అమ్మాయి పిల్లవాణ్ణి నిద్రపుచ్చుతూ ఫోనులో ఉంది. ఆ ఐదు రకాల కొనుగోలుదారుల్లో ట్రెడిషనల్ అనే విభాగానికి మేం అమ్మే సరుకు పేరు డేజ్. మార్కెటింగ్ చూసే అబ్బాయి మంచి మాటకారి; ప్రచారం ఖర్చు పెంచాం కాబట్టి డేజ్ 20 లక్షలు అమ్ముడుపోతుందని గట్టిగా చెప్పాడు. నేను నోటు పుస్తకంలో ఒక మూల వేసుకున్న లెక్కలో 14 లక్షలు వచ్చింది. పుస్తకం మూసేసి 20 టైపు చేశాను, ఎందుకంటే అతని మాట అందరికీ నచ్చింది, నా ఇంగ్లీషు మీద నాకు నమ్మకం లేదు, పైగా రాత్రి పదకొండున్నర అయింది. రెండో షిఫ్టు పెట్టి మరీ తయారుచేశాం. ఆ షిఫ్టు కూలి మొదటి షిఫ్టు కన్నా సగం ఎక్కువని తెలిసీ పెట్టాం. మర్నాడు చూస్తే 14 లక్షలే అమ్ముడుపోయాయి. ఒక్కోదానికి సుమారు 18 డాలర్లు ఖర్చు పెట్టి చేసిన 6 లక్షల సెన్సార్లు గోదాములో మూలుగుతున్నాయి. అంటే కోటి డాలర్లకు పైగా సొమ్ము సరుకు రూపంలో గడ్డకట్టింది. దాన్ని నిల్వ ఉంచినందుకు 12 శాతం చొప్పున మరో 13 లక్షల డాలర్లు. చేతిలో నగదు లేదు. నగదు సున్నా కన్నా కిందికి పోతే ఆటలో బిగ్ ఆల్ అనే ఆసామి ప్రత్యక్షమై, అడగకుండానే అత్యవసర అప్పు ఇచ్చి, మామూలు వడ్డీ మీద ఇంకో ఏడున్నర శాతం వేస్తాడు, షేరు ధర కూలిపోతుంది. విజయవాడ వైపు వాళ్లకు కాల్ మనీ (పీకల మీద కూర్చుని వసూలు చేసే అధిక వడ్డీ అప్పు) అని ఒక్క మాట అంటే చాలు, బిగ్ ఆల్ ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ నోటు పుస్తకం లెక్క ఎలా వేశానో చెబుతాను, ఎందుకంటే మీ జట్టులో మీరు పట్టుకోవలసిన పని అదే. గత ఏడాది ట్రెడిషనల్ విభాగంలో మొత్తం 88 లక్షలు అమ్ముడుపోయాయని, ఆ విభాగం ఏటా 9.2 శాతం పెరుగుతోందని కొరియర్‌లో ఉంది. అంటే ఈ ఏడాది 96 లక్షలు. ఆరు కంపెనీలకు సమంగా పంచితే తలా 16 లక్షలు. అయితే సమానంగా ఎందుకు పంచాలి? ప్రతి సరుకుకూ కొనుగోలుదారులు ఎంత మొగ్గుతున్నారో చెప్పే సర్వే స్కోరు కూడా కొరియర్‌లోనే ఉంటుంది. మా డేజ్ స్కోరు 28, ఆ విభాగంలో పోటీపడుతున్న అన్ని సరుకుల స్కోర్లూ కలిపితే 190. 28ని 190తో భాగిస్తే పదిహేను శాతానికి కొంచెం తక్కువ, 96 లక్షల్లో దాని వాటా 14 లక్షల చిల్లర. ఆ స్కోరు డిసెంబరు నాటిది కనుక, సరుకు వయసూ కొనుగోలుదారుల కోరికా నెలనెలా మారుతాయి కనుక ఇది ఉజ్జాయింపే. అయినా గట్టిగా మాట్లాడినవాడి గొంతు కన్నా నమ్మదగిన ఉజ్జాయింపు.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటి ఉంది. మార్కెటింగ్ షీటులో మీరు రాసే అంచనా ఒక్క కొనుగోలుదారుణ్ణి కూడా తీసుకురాదు. ఆ గడిలో 20 రాసినా 30 రాసినా బయట గిరాకీ మారదు, మీకు కనబడే రాబోయే ఏడాది లెక్కల పత్రాలు మాత్రం అందంగా మారతాయి. గడిని ఖాళీగా వదిలితే, ప్రత్యర్థులు అంతంతమాత్రం సరుకు పెడతారన్న ఊహతో కంప్యూటర్ వేసుకున్న అంకె అక్కడ నిలబడుతుంది. అది మీ కంపెనీ భవిష్యత్తు కాదు. అందువల్ల మార్కెటింగ్ షీటులో అన్నీ వికటిస్తే ఎంత అమ్ముడుపోతుందో ఆ అంకె, మా విషయంలో 12 లక్షలనుకోండి, రాయాలి. ప్రొడక్షన్ షీటులో అన్నీ కలిసొస్తే ఎంత కావాలో ఆ అంకెకు, 16 లక్షలకు, సరిపడా తయారీ పెట్టాలి. అప్పుడు లెక్కల పత్రంలో కనబడే నగదు అతి చెడ్డ ఏడాది చివర మీ చేతిలో మిగిలే నగదు. అది సున్నా పైన ఉండేలా ముందే దీర్ఘకాలిక బాండ్లో షేర్లో అమ్ముకుంటే బిగ్ ఆల్ మీ గుమ్మం తొక్కడు. ఏడాది చివర కొద్దిపాటి సరుకు మిగలడం తప్పు కాదు; రెండు నెలల అమ్మకాలకు సరిపడేంత దాటితేనే భయపడాలి. అసలు మిగలకపోతే వచ్చిన గిరాకీ తలుపు తట్టి పక్క కంపెనీకి పోయిందని అర్థం.

సరుకు మెరుగుదల గురించి ఒక్క మాట చాలు: ఒక సెన్సార్‌ను కొత్త కొలతలకు మార్చిన రోజున దాని వయసు సగానికి పడిపోతుంది, నాలుగేళ్లది రెండేళ్లదవుతుంది. ట్రెడిషనల్ విభాగం వాళ్లకు రెండేళ్ల సరుకంటే ముద్దు, లో ఎండ్ వాళ్లకు ఏడేళ్ల పాతదంటేనే ఇష్టం, హై ఎండ్ వాళ్లకు పురిటి వాసన పోని సరుకు కావాలి. కాబట్టి అన్నిటినీ ఏటా ముట్టుకోవాలన్న ఆత్రం పనికిరాదు. కొత్త సరుకు తెస్తున్నట్లయితే అది బయటికి వచ్చే ముందు ఏడాదే ఫ్యాక్టరీలో దానికి చోటు కొనాలి, ఎందుకంటే ఈ ఏడు కొన్న సామర్థ్యం వచ్చే ఏడు గాని చేతికి రాదు.

ఇక నోరు విప్పడం గురించి. ఇక్కడి విద్యార్థులు గట్టిగా చెప్పేదంతా వాళ్లు గట్టిగా నమ్మినదే అనుకోకండి. చాలాసార్లు అది చర్చకు పెట్టిన మాట మాత్రమే, ఎవరైనా కాదంటే మొహం మాడ్చుకోరు. మనం పెద్దల ముందు ఎదురు చెప్పకూడదన్న పెంపకంలో మౌనాన్ని మర్యాద అనుకుంటాం, వాళ్లు దాన్ని ఒప్పుకోలు అనుకుంటారు. ఇంగ్లీషు తడబడుతుందనుకుంటే మాటతో మొదలుపెట్టకండి, కాగితంతో మొదలుపెట్టండి. సమావేశానికి ఒక రోజు ముందే ఐదు సరుకులకూ తక్కువ, మధ్య, ఎక్కువ అంచనాలు మూడేసి వేసి, పక్కన లెక్క చూపించి అందరికీ పంపండి. మర్నాడు వాదన మీ ఉచ్చారణ మీద జరగదు, మీ అంకెల మీద జరుగుతుంది. గడువు రాత్రి పదకొండున్నరకు అంచనా మార్చకూడదన్న నియమం కూడా మొదటి వారంలోనే పెట్టించండి. మూడో రౌండు తరువాత మా జట్టు పెట్టుకున్న నియమం అది. ఆ తరువాత మళ్లీ బిగ్ ఆల్ అప్పు ఎరగము, ఆరింటిలో మూడో స్థానంలో ముగించాం.

జట్టులో ఇద్దరు తెలుగువాళ్లున్నప్పుడు మరో ఇబ్బంది వస్తుంది. మీరిద్దరూ ఒక్క నిమిషం తెలుగులో మాట్లాడుకున్నా, మిగతా ముగ్గురికీ అది తమకు తెలియకుండా జరిగిన నిర్ణయంలాగే కనబడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంట్లో ఉంటుంది. నలుగురు ఉండే అపార్ట్‌మెంట్‌లో ఒకడు ఆండ్రూస్, ఇంకొకడు చెస్టర్, రైస్ కుక్కర్ దగ్గర నిలబడి "మీరు ధర ఎంత పెడుతున్నారు?" అని అడగడం మనకు తప్పనిపించదు. కాలేజీ నియమాల్లో అది కుమ్మక్కు కిందికి వస్తుంది. ప్రత్యర్థి గురించి న్యాయంగా తెలుసుకోవలసినదంతా కొరియర్‌లో ఉండనే ఉంది: వాళ్ల ధర, సరుకు వయసు, ఫ్యాక్టరీ సామర్థ్యం, ఆటోమేషన్ ఏ మెట్టులో ఉందో కూడా. సీనియర్లు వాట్సాప్‌లో పంపే పాత నిర్ణయాల షీట్ల సంగతీ అంతే. నిజాయితీ నియమాల కింద పట్టుబడితే కోర్సు పోతుంది, చివరి సెమిస్టర్‌లో కోర్సు పోతే పట్టా ఆగుతుంది, పట్టా ఆగితే ఓపీటీ (చదువు అయ్యాక అమెరికాలో కొంతకాలం పనిచేసుకునే అనుమతి) లెక్కలన్నీ తారుమారవుతాయి. ఇంత చేసినా ఆ షీట్లతో ప్రయోజనం శూన్యం, ఎందుకంటే ఫలితం మీ నిర్ణయం ఒక్కదాని మీదే కాక మిగిలిన ఐదు జట్ల నిర్ణయాల మీద కూడా ఆధారపడుతుంది. పోయిన ఏడాది గెలిచిన ధర ఈ ఏడాది ముంచవచ్చు.

కోర్సు చివర సహచరులకు మార్కులు వేసే పత్రం ఇస్తే అందరికీ నిండా వేసి చేతులు దులుపుకోకండి. పని చేయనివాడికి మొహమాటంతో వేసిన మార్కు చేసినవాడి మార్కును పలచన చేస్తుంది. ఎవరు ఏ రౌండుకు ఏం పంపారో తేదీలతో రాసి పెట్టుకుని, ఆ పత్రంలో జరిగింది జరిగినట్టు రాయండి.

చివరగా ఒక జాగ్రత్త. మీ ప్రొఫెసర్ ఆట తరువాత కాంప్-ఎక్స్ఎమ్ అనే పరీక్ష పెడతారేమో సిలబస్‌లో ఇప్పుడే చూసుకోండి. అందులో జట్టు ఉండదు. మీరు ఒక్కరే కంప్యూటర్ నడిపే ప్రత్యర్థుల మీద నాలుగు రౌండ్లు కంపెనీ నడపాలి, మధ్యమధ్య బోర్డు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎనిమిది రౌండ్లూ ఫైనాన్స్ షీటులోనే కూర్చున్నవాడు ప్రొడక్షన్ షీటును మొదటిసారి ఆ రోజున తెరుస్తాడు. అందుకే అసలు ఆట మొదలవకముందు ఇచ్చే ప్రాక్టీసు రౌండ్లలోనే, ఫలితాలు ఎలాగూ చెరిపేస్తారు కాబట్టి, ఒక్కో రౌండుకు ఒక్కో షీటు మార్చుకుందామని మొదటి సమావేశంలో మీరే ప్రతిపాదించండి.