ముంబై హైలోకి సముద్రపు నీరు ఎందుకు?

ప్రశ్న: ముంబై హై చమురు క్షేత్రంలోకి సముద్రపు నీటిని పంపుతారట. చమురు పాడవదా?

జవాబు: పాడవదండీ. 1974లో కనుగొన్న ఈ క్షేత్రంలో చమురు చెరువులా నిలిచి లేదు. సున్నపురాయి సన్నటి రంధ్రాలలో ఇమిడి ఉంది. తోడేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గుతుంది కనుక, వడగట్టి, గొట్టాలను తుప్పు పట్టించే ఆక్సిజన్‌ను తొలగించిన సముద్రపు నీటిని కొన్ని బావుల ద్వారా రాతిలోకి ఎక్కిస్తారు. అది ఒత్తిడిని నిలుపుతూ చమురును ఉత్పత్తి బావుల వైపు నెడుతుంది. నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది: నీరు సులువైన దారి వెంట పరుగెత్తి, పక్క పొరల్లోని చమురును వదిలేసి బావికి చేరుతుంది. 2000 తర్వాతి పునరభివృద్ధిలో పాత బావుల నుంచే పక్కకు మళ్లి, పలుచని పొర వెంట అడ్డంగా తవ్వినది ఇందుకే. నిలువు బావి ఆ పొరను కొద్ది మీటర్ల మేరే తాకుతుంది. అడ్డంగా తవ్వినది వందల మీటర్ల మేర తాకుతుంది.