తలుపు తీయగలిగేవాడంటేనే నాకు భయం

ఇప్పటిదాకా జాంబీ గేములే ఆడానని చెప్పి, సర్వైవల్ హారర్‌లో (భయంకరమైన చోటునుంచి ఎలాగోలా బతికి బయటపడాల్సిన గేముల్లో) మామూలు మనుషులు ఎక్కువ భయపెడతారా లేక దెయ్యాలు, రాక్షసులా అని మీరు అడిగారు. నా వరకైతే మనుషులే. కాకపోతే "అది నిజంగా జరగొచ్చు కాబట్టి" అని అందరూ చెప్పే కారణం నాకు సగమే నచ్చుతుంది. అదే నిజమైతే మామూలు షూటింగ్ గేముల్లో ఎదురయ్యేది కూడా మనుషులేగా, వాళ్ళను చూసి ఎవరికైనా చెమటలు పట్టాయా?

నేను మొదట్లో ఆడిన వాటిలో అమ్నీషియా: ద డార్క్ డిసెంట్ (2010) ఒకటి. చేతిలో ఆయుధం ఉండదు. రాక్షసుణ్ణి చూస్తూ నిలబడితే మన పాత్రకు మతి చెడుతుంది, కాబట్టి అది ఎలా ఉందో సరిగ్గా చూసే వీలు కూడా ఉండదు. అందులో నీళ్ళు నిండిన నేలమాళిగ ఒకటుంది, అక్కడ కంటికి కనబడనిదేదో వెంటపడుతుంది, అడుగులు పడ్డచోట నీళ్ళు చిందడం ఒక్కటే తెలుస్తుంది. నేను ఒక పెట్టె మీదికెక్కి దాదాపు పావుగంట దిగలేదు. ఆ తర్వాత అర్థమైంది, నీళ్ళలో అడుగు పెట్టకపోతే అది మనల్ని ఏమీ చేయలేదని, దూరంగా ఏదైనా విసిరితే అటు పరిగెడుతుందని. అంతే, ఆ సంగతి తెలియగానే భయం కాస్తా లెక్కల పరీక్షలా మారిపోయింది. ద లాస్ట్ ఆఫ్ అస్ (2013) లో క్లిక్కర్లనే రాక్షసులతోనూ ఇదే జరిగింది. వాటికి చూపు లేదు, టకటకమని శబ్దం చేస్తూ దారి వెతుక్కుంటాయి. నాలుగైదుసార్లు గొంతు కొరికించుకున్నాక మెల్లగా నడవడం, సీసా విసరడం అలవాటైపోయింది. రాక్షసులకు నియమాలుంటాయి, అవి దొరికేదాకానే వాటి పెత్తనం.

మనిషి అలా దొరకడు. కండెమ్‌డ్: క్రిమినల్ ఆరిజిన్స్ (2005) పాతదే, ఇప్పుడు చూస్తే గ్రాఫిక్స్ మొరటుగా కూడా ఉంటాయి, కానీ నన్ను అంతగా వణికించిన గేములు తక్కువ. అందులో ఇనపగొట్టం పట్టుకుని మీదికొచ్చేవాడు రెండు దెబ్బలు తినగానే పారిపోతాడు. హమ్మయ్య అనుకుని ముందుకెళ్తే మూల మలుపులో గోడకు ఆనుకుని మన కోసమే కాచుకుని ఉంటాడు. మూతపడ్డ ఒక పెద్ద బట్టల దుకాణంలో బొమ్మల మధ్య కదలకుండా నిలబడే మనుషులైతే సరేసరి. అక్కడ నేను కనబడ్డ ప్రతి బొమ్మనూ కొట్టుకుంటూ వెళ్ళాను, సిగ్గు లేకుండా చెప్తున్నా.

దీనికి నా సొంత కారణం కూడా ఒకటుంది. ఒకప్పుడు ఒంటరిగా ఉండేవాణ్ణి. ఓ రాత్రి రెండు దాటాక ఎవరో నా గది తలుపు పిడి తిప్పడం మొదలుపెట్టారు. తట్టలేదు, పిలవలేదు, ఆగి ఆగి తిప్పుతున్నారు. నేను మంచం మీద కూర్చుని ఊపిరి బిగబట్టి విన్నాను తప్ప లేచి దగ్గరికి వెళ్ళలేకపోయాను. పొద్దున తెలిసింది, పై అంతస్తులో ఉండేవాడెవరో తాగొచ్చి తన గదే అనుకున్నాడట. ఇంతే కథ. కానీ ఆ తర్వాత ఏ గేములోనైనా అవతలివాడు తలుపు తీయగలడా లేదా అన్నదే మొదట చూసుకుంటాను. పాత రెసిడెంట్ ఈవిల్ ఆటల్లో తలుపు దాటితే చాలావరకు గండం గడిచినట్టే. 1999లో మూడో భాగంలో నెమెసిస్ అనే రాక్షసుడు ఆ తలుపులు దాటుకుని వెంటబడితే జనం అంతగా బెదిరిపోయింది అందుకేనని నా అనుమానం.

2017లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 7లో మొదటి భాగం ఇందుకే అంత బాగుంటుంది. జాక్ బేకర్ అనే ఇంటాయన తన ఇంట్లో తాను తాపీగా తిరుగుతూ మనల్ని వెతుకుతాడు, దొరక్కపోతే పలకరిస్తాడు కూడా. అతను మామూలు మనిషి కాదని త్వరగానే తెలిసిపోతుంది, అయినా నడకా మాటా అన్నీ ఇంటి పెద్దమనిషివే. అదే చివర్లో ఓడలోకి వెళ్ళాక నల్లటి బూజు రాక్షసులు గుంపులుగా వస్తాయి, మన చేతిలో తుపాకులుంటాయి, నాకైతే ఆవలింతలు వచ్చాయి. అవుట్‌లాస్ట్ (2013) లోనూ అంతే. కత్తులు పట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు నన్ను ఎలా చంపాలా అని తొందర లేకుండా మాట్లాడుకుంటుంటే కాళ్ళు చల్లబడ్డాయి, చివరికొచ్చే పొగలాంటి ఆకారం దగ్గర కేవలం పరుగే.

అయితే మనిషి చేతికి తుపాకీ ఇచ్చారో, ఆ భయం సగం చచ్చిపోతుంది. దూరం నుంచి కాల్చేవాడు శత్రువే కానీ పీడకల కాదు. ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం (2020) లో ఒకణ్ణి చంపితే తోటివాళ్ళు అతని పేరు పెట్టి అరుస్తారు. అక్కడ నాకు కలిగింది భయం కాదు, తప్పు చేశానన్న బాధ. అది వేరే సంగతి.

నా వాదనకు ఎదురు నిలిచేది ఒక్కటే, ఏలియన్: ఐసొలేషన్ (2014). అందులో వెంటాడే ఏలియన్ (గ్రహాంతర జీవి) పక్కా రాక్షసే, చంపడం కుదరదు, అయినా ఎన్నిసార్లు ఆడినా దాని లెక్క నాకు చిక్కలేదు. గేము ప్రోగ్రాములో దాన్ని నడిపేందుకు రెండు బుర్రలు పనిచేస్తాయి. మనం ఎక్కడున్నామో ఎప్పుడూ తెలిసిన ఒకటి, ఫలానా వైపు వెళ్ళమని ఏలియన్‌కు సూచన ఇస్తుంటుంది. రెండోది ఏలియన్‌ది, దానికి తన కళ్ళూ చెవులే దిక్కు. అందుకే అది మన దరిదాపుల్లోనే తచ్చాడుతుంది గానీ నేరుగా వచ్చి పట్టుకోదు, వెతుకుతుంది. లాకర్లో దాక్కుంటే బయట నిలబడి వాసన చూస్తుంది, అప్పుడు బటన్ నొక్కి ఊపిరి బిగబట్టాలి, ఎక్కువసేపు బిగబడితే ప్రాణం తగ్గుతుంది. ఆలోచిస్తే అది చేసేదంతా ఆ రాత్రి తలుపు అవతలివాడు చేసిందే, ఆగడం, మళ్ళీ ప్రయత్నించడం. అదే గేములో తుపాకులు పట్టుకుని తిరిగే మనుషులు కూడా ఉంటారు. వాళ్ళ మీదికి కావాలని చప్పుడు చేసి ఏలియన్‌ను ఉసిగొల్పాను, వాళ్ళ అరుపులు వింటూ పక్కగదిలో నక్కి కూర్చున్నాను. ఇందులో ఎవరు రాక్షసో మీరే చెప్పండి!

మీరు జాంబీలకు అలవాటు పడ్డారు కాబట్టి రెసిడెంట్ ఈవిల్ 7తో మొదలుపెట్టండి, ఒంటరిగా ఉంటే మాత్రం పగలే ఆడండి. హెడ్‌ఫోన్లు తప్పనిసరి. ఏలియన్ సంగతి నన్ను అడక్కండి, మూడుసార్లు మొదలుపెట్టాను, అందులోని ఆసుపత్రి భాగం ఇంకా దాటలేదు.