గడ్డి ట్రక్కుతో బాపట్ల నుంచి పొదిలికి: అబ్బాయికి నాలుగు మాటలు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు చలికి ఎక్కువయ్యాయి, అంతే.

నువ్వు ఫోన్లో పంపిన ప్లాను మీ నాయన చదివి వినిపించాడు. బాపట్ల పక్క పొలాల్లో మధ్యాహ్నం మూడింటికల్లా గడ్డి ఎత్తేసి, నాలుగింటికి బయల్దేరి, రాత్రి పదికి పొదిలి చేరతామన్నావు. కిలోమీటర్లు బాగానే లెక్కేశావు. ఒంగోలుకు 60 చిల్లర, అక్కడి నుంచి పొదిలికి 50 దాకా. కానీ వెనకాల ట్రక్కు కట్టుకున్న ట్రాక్టరుకు ఆ లెక్క చాలదురా. ఎక్కడెక్కడ ఆగుతావో ముందు రాసుకో, ఎన్ని గంటలు పడుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. నీ ప్లానులో ఆగే చోటు ఒక్కటీ లేదు. టీకి కూడా లేదు.

గడ్డి లోడుతో గంటకు 20 కిలోమీటర్లు వేసుకో. అంతకంటే ఎక్కువ పోయేవాణ్ణి చూశానంటావు, చూసే ఉంటావు. రోడ్డు మీదే ఆరు గంటలవుతుంది, ఆగేవన్నీ కలిపితే ఎనిమిది. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. అందుకని లోడ్ ఎత్తిన రోజు బయల్దేరకు. పట్టా కప్పి ఆ రాత్రి కళ్ళం దగ్గరే పడుకోండి. పొద్దున మంచు విడిపోయాక, ఎనిమిదింటికి కదలండి. చీరాల దాటాక ఒకసారి, త్రోవగుంట దగ్గర 16వ నంబరు హైవే తగిలే ముందు ఒకసారి, ఒంగోలు దాటాక పేర్నమిట్ట పక్కన ఒకసారి ఆగండి. మూడున్నరకల్లా చీమకుర్తి దాటలేదా, ఇంకెక్కడికీ పోవద్దు. పెట్రోల్ బంకులో అడిగి లోపలికి పెట్టి పడుకోండి. ఒక రాత్రి ఆలస్యమైతే గేదెలేమీ పస్తుండవు.

చీమకుర్తి గురించి ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, ఆ రోడ్డు మీద గ్రానైట్ రాళ్ళ లారీలు తిరుగుతుంటాయి. ఒక్కో రాయి మన ట్రాక్టరుకు ఎన్నో రెట్లు బరువు. వాళ్ళు మన కోసం బ్రేకు వెయ్యాలనుకున్నా బండి వెంటనే నిలబడదు. పైగా ఒంగోలు నుంచి పొదిలి పడమటి దారి. నాలుగు దాటితే పొద్దు సూటిగా కళ్ళలో కొడుతుంది, ఎదురొచ్చే బండి నల్లటి మచ్చలా తప్ప కనపడదు. ట్రాక్టరుకు ముందు అద్దం కూడా లేదాయె, గడ్డి నలుసులు కంట్లో పడుతూనే ఉంటాయి. కళ్ళజోడు పెట్టుకో, సిగ్గేమీ లేదు. మంకీ క్యాపు మాత్రం చెవుల మీదకు లాక్కోకు. చలి ఆగుతుంది కానీ వెనక హారన్ వినపడదు.

ఇక బండి సంగతి. పొలంలో ఒక పక్కకు తిప్పుకోవడానికి రెండు బ్రేకు పెడల్సూ విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కే ముందు ఆ రెండిటినీ కలిపే కొక్కెం వేశావో లేదో చూడు. అది వెయ్యకుండా స్పీడులో ఒక పెడలే తొక్కితే బండి ఒక పక్కకు లాగి తిరగబడుతుంది. మన ట్రక్కుకు దాని బ్రేకు దానికి లేదు కదా, వెనక ఉన్న బరువంతా ట్రాక్టరే ఆపాలి. పల్లంలో గేరు తగ్గించి దిగు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో దొర్లించేవాళ్ళుంటారు. దొర్లే ట్రక్కు ట్రాక్టర్ని తోస్తుంది, ఆ తోపుకు బండి అడ్డం తిరిగితే స్టీరింగు నీ మాట వినదు.

పిన్ను సంగతి నా తప్పు చెప్పి రాస్తాను. నాకు ముప్పై ఏళ్ళప్పుడు ఒకసారి, ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే డ్రాబార్ పిన్నుకు కింద పెట్టే క్లిప్పు పోతే, పెద్ద మేకు దూర్చి వంచాను. చీమకుర్తి ఇవతల చిన్న పల్లం. ట్రాక్టర్ ఉన్నట్టుండి తేలికైపోయి ముందుకు ఉరికింది. "అబ్బ, ఇంజను భలే లాగుతోందే" అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను! వెనక్కి చూస్తే ట్రక్కు లేదు. దాని ముక్కు తారులో దిగి, మూరెడు పొడవున దున్నుకుంటూ పోయి, అడ్డంగా నిలబడి ఉంది. గడ్డి సగం రోడ్డు మీద. వెనక సైకిల్ మీద వస్తున్న ముసలాయన కాలు కింద పెట్టి నన్ను చూస్తూ ఉండిపోయాడు. ఏమన్నా తిట్టి ఉంటే బాగుండేది. అప్పటినుంచి పిన్నుకు క్లిప్పుతో పాటు ఒక గొలుసు కూడా కడతాను. పిన్ను ఊడినా గొలుసు పట్టుకుంటే ముక్కు నేలలో గుచ్చుకోదు. ఆగిన ప్రతిచోటా దిగి నీ చేత్తో పిన్ను కదిపి చూడు. కూలోణ్ణి చూడమనకు.

అదే చేత్తో ట్రక్కు చక్రాల మధ్యలో ఉండే హబ్బులు కూడా ముట్టుకో. వెచ్చగా ఉంటే పర్లేదు. వేలు పెట్టలేనంత కాలుతుంటే బేరింగులో గ్రీజు లేనట్టు, లేదా బేరింగే పోయినట్టు. అక్కడే ఆగి చూపించుకోవాలి, "ఊరొచ్చేస్తుంది లే" అంటే చక్రం ఊరికి రాదు. చక్రాల నట్లు మొదటి 15 కిలోమీటర్లకే ఒకసారి బిగించు, లోడ్ మీద అవి కొంచెం వదులవుతాయి. స్టెప్నీ, జాకీ, జాకీ కింద పెట్టే చెక్క దిమ్మ, ఈ మూడూ ట్రాక్టరు మీదే పెట్టుకో, గడ్డి కింద కాదు. ఒకసారి మీ నాయన గడ్డి కింద పెట్టాడు. ఆ కథ ఆయన్నే అడుగు.

గడ్డి కొనేటప్పుడు గుప్పెడు తీసి మెలి తిప్పు. పెళపెళమంటే ఎండింది. మెత్తగా వంగి చేతికి చల్లగా తగిలితే లోపల తడి ఉంది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది, గుర్తుంది కదా. అలాంటి ఏడాది పైన ఎండినట్టుండి లోపల కుళ్ళిన గడ్డి అంటగట్టేవాళ్ళుంటారు. బరువుకు బరువు, బూజుకు బూజు. బేలర్ మిషను చుట్టిన కట్టల్లో తడి ఉంటే లోపల వేడెక్కుతుంది కూడా. మిషను కోత గడ్డి కంటే చేతి కోత గడ్డి దొరికితే రెండు రూపాయలెక్కువైనా అదే తీసుకో. పశువులు ఇష్టంగా తింటాయి, మోపులు కుదురుగా పేరుకుంటాయి.

ఎత్తేటప్పుడు బరువు ట్రక్కు ఇరుసుకు కొంచెం ముందుకు పడేలా తొక్కించు. వెనక్కి పడితే ట్రక్కు ముక్కు పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు పోతుంది. మరీ ముందుకు పడితే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచి స్టీరింగు తిరగదు. గడ్డి పక్కలకు జారి వెనక లైట్లను మూసెయ్యకుండా చూసుకో. మోకులు అడ్డం రెండు, నిలువు రెండు. 10 కిలోమీటర్లు పోయాక గడ్డి దిగుతుంది, మోకులు వదులవుతాయి, మళ్ళీ బిగించాలి.

ఎత్తు విషయంలో ఆశకు పోకు. ఊరి డొంకల్లో కరెంటు తీగలు వేలాడుతుంటాయి. రైల్వే గేటు దగ్గర రోడ్డుకు అడ్డంగా పైన ఇనుప కమ్మీ ఉంటుంది చూడు, దానికి గడ్డి తగిలేట్టుంటే వెనక్కి తిప్పు. పైనున్న రైలు తీగలో 25 వేల వోల్టులు. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోయినా లాగేస్తుంది. గడ్డి పైన మనిషిని కూర్చోబెట్టకు, తీగలెత్తడానికని కర్రతో అసలే వద్దు. నిద్రొస్తే పడిపోతాడు, మెలకువగా ఉంటే తీగ తగులుతుంది. ఇన్సూరెన్సు వాళ్ళు కూడా ముందు ఆ మాటే పట్టుకుంటారు. అన్నట్టు, ట్రాక్టరుకే కాదు, ట్రక్కుకు కూడా ఇన్సూరెన్సు ఉందో లేదో కాగితాలు తీసి చూడు.

నిప్పంటుకుంటే నీళ్ళ డబ్బాతో ఆరదు. డబ్బా ఉండాలి, కానీ మంట చిన్నదైతేనే. పెద్దదైతే గొలుసు విప్పి, పిన్ను లాగగలిగితే లాగి ట్రాక్టర్ ముందుకు పోనియ్యి, రాకపోతే దిగి పరిగెత్తు. లోను సంగతి నేనూ మీ నాయనా చూసుకుంటాం.

రెండు ట్రాక్టర్లూ కలిసి వస్తాయన్నావు కదా. బరువెక్కువ ఉన్నది ముందు పోవాలి, వెనక లైట్లు బాగున్నది వెనక రావాలి. మధ్యలో ఒక బస్సు దూరేంత సందు వదలండి, లేకపోతే దాటేవాడు ఒకేసారి రెండింటినీ దాటబోయి ఎదురు బండికి కొడతాడు. మంచు పడితే హెడ్‌లైటు డిమ్ములో పెట్టు, బ్రైటు వేస్తే తెల్లటి గోడలా కనపడుతుంది. రోడ్డు మార్జిన్లో నిలబెట్టడం మాత్రం చెయ్యకు. మంచులో ఆగి ఉన్న ట్రక్కు వెనక నుంచి వచ్చేవాడికి గుద్దాకే తెలుస్తుంది. తప్పనిసరై ఆగితే వెనక బాగా దూరం నుంచే రాళ్ళు, కొమ్మలు పేర్చు. బాగైన తర్వాత ఆ రాళ్ళు తీసి పక్కన పడెయ్యి. మనవాళ్ళు పెట్టేటప్పుడు ఉన్న భయం పోయేటప్పుడు ఉండదు. రాత్రి మోటార్ సైకిల్ మీద వచ్చేవాడి సంగతి ఎవరికీ పట్టదు.

డీజిల్ గంటకు నాలుగైదు లీటర్లు వేసుకో, ట్యాంకు నింపుకునే బయల్దేరు. మీ పెద్దమ్మ పులిహోర కట్టి పంపిస్తానంటోంది, రెండో రోజుకు ఆగదు, మొదటి రోజే తినెయ్యండి.

పిన్ను క్లిప్పులు నాలుగు ఒంగోలులో కొన్నాను. మీ నాయన శుక్రవారం వచ్చేటప్పుడు తెస్తాడు. రెండు ఆ రెండు బండ్ల పిన్నులకు, రెండు టూల్ బాక్సులోకి. చీమకుర్తి దాటగానే ఫోన్ చెయ్యి, మూడున్నర దాకా ఫోన్ దగ్గరే కూర్చుంటాను.

ఇట్లు
మీ పెదనాన్న